బెజవాడను రైలు కిటికీలోంచి చూసి తీర్పు చెప్పకండి

సంపాదకులు గారికి,

నమస్కారం. ఈమధ్య మీ పత్రికలో వచ్చిన ఒక చిన్న వార్త గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. వేరే జిల్లాలో, బెజవాడకు ఎంతో దూరంలో ఉన్న ఒక పట్టణంలో ఇద్దరు యువకులు నడిరోడ్డు మీద కత్తులు తిప్పారని ఆ వార్త. అందులో మా ఊరివాళ్లు ఒక్కరూ లేరు, గొడవకూ మా ఊరికీ సంబంధం లేదు. అయినా శీర్షికలో 'బెజవాడ తరహాలో' అన్న మాట కనిపించింది. రాసినవారు మా ఊరిని అవమానించాలని రాసి ఉండరు. వారి చేతికి అలవాటుగా వచ్చేసిన మాట అది. అంత అలవాటుగా రావడమే నాకు బాధ కలిగించింది. ఒక ఊరి పేరు ఒక నేరానికి విశేషణంగా స్థిరపడిపోతే ఆ ఊళ్లో పుట్టి పెరిగిన లక్షలమంది దాన్ని జీవితాంతం మోయాల్సి వస్తుంది.

నేను ఈ ఊళ్లో పుట్టినవాణ్ణి కాను. మాది పార్వతీపురం దగ్గర ఒక పల్లె. రైల్వేలో ఉద్యోగం వచ్చి 1986లో బెజవాడ జంక్షన్‌లో టికెట్ కౌంటర్‌లో చేరాను. ఉత్తర్వులు చేతికొచ్చిన రోజు ఇంట్లో సంతోషానికి బదులు దిగులు కనిపించింది. "అక్కడ మనుషుల్ని నరికేస్తారట కదరా నాయినా" అని మా అమ్మ ట్రంకుపెట్టె సర్దుతూ మూడుసార్లు అంది. ఏడాదో రెండేళ్లో చేసి మా వైపు బదిలీ చేయించుకుంటానని ఆమెకు మాట ఇచ్చి బయలుదేరాను. ఆ మాట నిలబెట్టుకోలేదు. ఇక్కడే పదవీ విరమణ చేశాను, సత్యనారాయణపురంలో చిన్న ఇల్లు కట్టుకున్నాను, అమ్మ చివరి పదకొండేళ్లూ ఈ ఇంట్లోనే గడిపింది. కాబట్టి ఈ ఊరి మీద నా అభిమానం పుట్టుకతో వచ్చింది కాదని, దాదాపు నలభై ఏళ్లు చూసిన మీదట కలిగిందని మనవి చేసుకుంటున్నాను.

ముందుగా ఒప్పుకోవలసింది ఒప్పుకుంటాను. ఈ చెడ్డపేరు గాలిలోంచి పుట్టలేదు. డెబ్బైలలో, ఎనభైలలో ఇక్కడ కాలేజీల ఎన్నికలు, కార్మిక సంఘాలు, ఆటో స్టాండ్లు, లారీ వ్యాపారాల చుట్టూ వర్గాలు ఏర్పడ్డాయి, వాటి మధ్య హత్యలూ ప్రతిహత్యలూ జరిగాయి. 1988 డిసెంబరు చివర నిరాహారదీక్షలో ఉన్న శాసనసభ్యుణ్ణి చంపడం, ఆ వెంటనే చెలరేగిన దహనాలు, రోజుల తరబడి సాగిన కర్ఫ్యూ చరిత్రలో ఉన్నాయి. వాటిని దాచమని నేను అడగను. అయితే ఆ మంటల్లో తగలబడినవి ఎవరి దుకాణాలు, ఎవరి ఇళ్లు? బెజవాడవాళ్లవే. వీధుల్లో పోరాడుకున్నది గుప్పెడుమంది అయితే, తలుపులు బిగించుకుని పిల్లలకు పాలెలా అని కూర్చున్నది ఊరంతా. ఎవరు ఆ హింసకు బలయ్యారో వాళ్ల మీదే ఆ హింస తాలూకు పేరు మోపడం ఏ లెక్కన న్యాయమో నాకు ఇప్పటికీ బోధపడదు.

ఆ కర్ఫ్యూ రోజుల్లో నేను గవర్నర్‌పేటలో ఒక పాత పెంకుటింటి వెనక గదిలో అద్దెకుండేవాణ్ణి. డ్యూటీ పాసు ఉంది కాబట్టి స్టేషనుకు వెళ్లి రాగలిగేవాణ్ణి గానీ హోటళ్లన్నీ మూసేయడంతో తిండికి దారి లేదు. ఇంటావిడను పిన్నిగారూ అని పిలిచేవాణ్ణి. అద్దె విషయంలో ఆవిడ చాలా నిక్కచ్చి మనిషి, ఐదో తారీఖు దాటితే తలుపు తట్టేది. మొదటి రోజు సాయంత్రం ఆవిడే వచ్చి, గుమ్మంలో కంచం పెట్టి, "అన్నం, గోంగూర పచ్చడి, మజ్జిగ. ఇంతకుమించి అడక్కు, నువ్వూ మొహమాటపడకు" అని వెళ్లిపోయింది. కర్ఫ్యూ ఎత్తేసేదాకా రెండు పూటలా ఆ కంచం వచ్చింది. సడలించిన గంటలో ఆవిడ కూరగాయలకు బయలుదేరుతూ చుట్టుపక్కల నాలాంటి ఒంటరిగాళ్లు ఇంకెవరున్నారో నన్ను అడిగి తెలుసుకుని వెళ్లింది. ఆ నెల అద్దె కూడా ఐదో తారీఖునే అడిగింది. బెజవాడ మనిషి అంటే నాకు ఈనాటికీ ఆవిడే గుర్తొస్తుంది. మాట కరుకు, లెక్క ఖచ్చితం, పెట్టే చెయ్యి వెనకాడదు.

ఆ తర్వాతి సంగతి బయటివాళ్లు ఎవరూ చెప్పరు. ఊరు అంతగా కాలిపోయిన తర్వాత, 1989లోనే, ఇదే ఊళ్లో పుస్తక మహోత్సవం మొదలైంది. కరోనా కాలాన్ని మినహాయిస్తే దాదాపు ఏటా కొత్త సంవత్సరం వేళ ఆ పండుగ జరుగుతూనే ఉంది. ఎన్నో ఏళ్లు అది స్వరాజ్య మైదానంలో జరిగేది. సాయంత్రం డ్యూటీ దిగి అటు వెళ్తే, ఆటోనగర్‌లో పనిచేసే కుర్రాళ్లు గ్రీజు పూర్తిగా వదలని వేళ్లతో పుస్తకం అంచులు పట్టుకుని తిరగేస్తూ కనిపించేవారు. ఏలూరు రోడ్డులో అన్ని పుస్తకాల దుకాణాలు వరసగా నిలబడి అన్ని దశాబ్దాలు బతికాయంటే కొనేవాళ్లు ఉన్నారనే కదా అర్థం. కత్తుల ఊరని పేరుపడిన చోట పుస్తకాల పండుగ పుట్టి నిలబడిందన్న విషయం ఒక్క సినిమాలోనైనా నాకు కనిపించలేదు.

ఇక ఎండ. బ్లేజ్‌వాడ, అంటే మంటల వాడ, అన్న వెక్కిరింత మా ఊరికి ఎప్పటి నుంచో ఉంది. మే నెలలో ఇక్కడ ఎండ నిజంగానే భరించరానిది. చుట్టూ ఇంద్రకీలాద్రి, మొగల్రాజపురం, గుణదల కొండలు పగలంతా కాగి రాత్రి ఆ వేడిని వదులుతాయి, వేసవిలో కృష్ణ ఇసుకతిన్నెలుగా మారుతుంది, కొండలకూ నదికీ మధ్యనున్న కాస్త చోటులో ఊరు ఇరుకుగా పెరిగింది. అయితే వేసవి వార్తల్లో అధిక ఉష్ణోగ్రత అనగానే మనం దశాబ్దాలుగా వింటున్న పేర్లు రెంటచింతల, రామగుండం. ఆ ఊళ్లకు వెక్కిరింత పేర్లు రాలేదు, రాకూడదు కూడా. మా ఊరికి మాత్రమే ఎందుకొచ్చిందని ఆలోచిస్తే, ఉద్యోగరీత్యా నాకు తోచిన కారణం ఒకటి ఉంది.

మద్రాసు వైపు నుంచి, హౌరా వైపు నుంచి, ఢిల్లీ, హైదరాబాదుల వైపు నుంచి వచ్చే దారులు కలిసే కూడలి ఇది. 1893లో కృష్ణ మీద రైలు వంతెన పూర్తయిన నాటి నుంచి దక్షిణాదిలో దూరప్రయాణం చేసేవాళ్లలో చాలామంది బెజవాడను ఒక్కసారైనా చూసి ఉంటారు. చూడటమంటే ఏమిటి? ఇరవై నిమిషాల ఆగుబాటు. ఉక్కపోత, జనం తోపులాట, సీసా పట్టుకుని కుళాయి దగ్గరకు పరుగు, ఎక్కడ బండి కదిలిపోతుందోనన్న భయం. ఏ మనిషికైనా ఒక ఊరు అత్యంత చికాకుగా కనిపించే ఇరవై నిమిషాలవి. లక్షలమంది మనసుల్లో మా ఊరంటే ఆ ఇరవై నిమిషాలే. ఊళ్లో ఉండి చూసినవాళ్ల మాట కంటే దారిలో చూసినవాళ్ల మాటే ఎక్కువ దూరం ప్రయాణించింది.

ఆ ప్లాట్‌ఫారం మీదే నేను చూసిన మరో దృశ్యం చెబుతాను. మే మధ్యాహ్నాల్లో జనరల్ బోగీలో కాలు కదపడానికి చోటుండదు. తలుపు దాకా వచ్చి నీళ్లు పట్టుకునే వీలు లోపలి వాళ్లకు ఉండదు. ఆ సమయానికి ఊళ్లోంచి కొందరు వచ్చేవారు. బట్టల కొట్టు గుమాస్తాలు, కాలేజీ కుర్రాళ్లు, ఒకరిద్దరు పెద్దవాళ్లు. ఒకరి చేతిలో నీళ్ల బకెట్, ఒకరి చేతిలో చెంబు, ఇంకొకరి చేతిలో ప్లాస్టిక్ గరాటా. కిటికీ ఊచల సందుల్లోంచి లోపలివాళ్లు సీసా మూతిని బయటకు వంచితే, ఆ మూతిలో గరాటా ఆనించి, చుక్క కింద పడకుండా చెంబుతో పోసేవారు. ఒక సీసా నిండగానే పక్క కిటికీ. బండి కదిలాక కూడా నాలుగడుగులు పరిగెత్తి పోసేవారు. ఎక్కడివాళ్లని గానీ ఏ భాషవాళ్లని గానీ అడిగేవారు కాదు. బండి వెళ్లిపోయాక తడిసిన చొక్కాతోనే తర్వాతి బండి ఏ ప్లాట్‌ఫారం మీదకు వస్తుందని నన్ను అడిగి అటు నడిచేవారు. ఆ నీళ్లు తాగినవాళ్లలో ఎందరికో ఆ చేతులు గుర్తుండవు, ఎండ గుర్తుంటుంది. అది వాళ్ల తప్పు కాదు. అయినా ఆ చేతులు నేను చూశాను కాబట్టి చెప్పడం నా బాధ్యత.

వచ్చినవాళ్లకు చోటివ్వడం ఈ ఊరి పాత గుణం. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగింది ఇక్కడే. పింగళి వెంకయ్య గారు గాంధీజీకి జెండా నమూనా అందించింది అప్పుడే. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం మొదట కొలువైంది కూడా ఇక్కడే. గంజాం జిల్లా ఛత్రపురంలో పుట్టిన గోరా గారు తన నాస్తిక కేంద్రాన్ని 1947లో ముదునూరు నుంచి పటమటకు తెచ్చుకున్నారు. ఒకవైపు దుర్గమ్మ కొండకు భవానీలు ఎర్రబట్టలతో బారులు తీరతారు, మరోవైపు ఫిబ్రవరిలో గుణదల కొండకు మేరీమాత భక్తులు కాలినడకన వస్తారు, ఈ రెంటికీ దగ్గర్లోనే దేవుడు లేడని చెప్పే సంస్థ ఏడు దశాబ్దాలకు పైగా తన పని తాను చేసుకుంటోంది. అసహనం గల ఊళ్లో ఇది సాధ్యమా?

1948 డిసెంబరు 1న ఇక్కడ ఆకాశవాణి కేంద్రం మొదలయ్యాక దాని చుట్టూ చేరిన సంగీతకారులను తలుచుకోండి. శంకరగుప్తంలో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి శిష్యుడిగా ఇక్కడే ఎదిగారు. మా ఉత్తరాంధ్ర ఆడపడుచు శ్రీరంగం గోపాలరత్నం గారి గొంతు భక్తిరంజనిలో వినబడని తెల్లవారు మా ఇళ్లలో ఉండేది కాదు. ఓలేటి వెంకటేశ్వర్లు గారు, బాలాంత్రపు రజనీకాంతరావు గారు కూడా ఈ కేంద్రంలో పనిచేసినవారే. పల్లెలో రేడియో పెట్టుకుని "ఆకాశవాణి, విజయవాడ కేంద్రం" అన్న మాటతో రోజు మొదలుపెట్టిన మా అమ్మే ఈ ఊరంటే భయపడిందంటే, చెడ్డపేరుకు ఎంత బలముందో చూడండి. ఇక పత్రికల సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. 1942లో ప్రజాశక్తి, 1952లో విశాలాంధ్ర, 1960లో నార్ల వారి సంపాదకత్వంలో ఆంధ్రజ్యోతి వెలువడింది ఈ ఊరి నుంచే. తెలుగు పత్రికా రచన ఇంతగా ఎదిగిన ఊరి పేరును అదే పత్రికల శీర్షికల్లో ఇలా చూడటం నాకు మరింత కష్టంగా ఉంది.

2024 సెప్టెంబరు 1 గురించి కొంచెం వివరంగా రాయాలి. ముందురోజు నుంచి ఎడతెగని వాన. ఆదివారం తెల్లవారేసరికి బుడమేరు వాగు గట్లు తెగి సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ ప్రాంతాలు మునిగాయి. మరోవైపు కృష్ణకు మునుపెన్నడూ లేనంత వరద వచ్చి ప్రకాశం బ్యారేజీ దగ్గర మర్నాటికి 11.43 లక్షల క్యూసెక్కులు దాటింది, కొట్టుకొచ్చిన పడవలు గేట్లను ఎత్తడానికి తోడ్పడే కౌంటర్ వెయిట్లనే బరువు దిమ్మెలను బద్దలు కొట్టాయి. మా సత్యనారాయణపురానికీ సింగ్‌నగర్‌కూ మధ్య రైలు పట్టాలే అడ్డు. పట్టాలకు ఇటు మా ఇళ్లలో పొయ్యిలు వెలుగుతున్నాయి, అటు జనం మేడలెక్కి కూర్చున్నారు.

ఆ సాయంత్రం మా సందులో ఎవరూ ఎవరికీ చెప్పలేదు గానీ రెండు ఇళ్లలో పెద్ద గుండిగలు బయటకొచ్చాయి. పెళ్లిళ్లకు వంట చేసే ఒకాయన తన సామాను తానే తెచ్చి పెట్టాడు. రాత్రంతా పులిహోర కలిపాం, ఆడవాళ్లు పొట్లాలు కట్టారు. సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దగ్గరి నుంచి పడవలు బయలుదేరుతున్నాయి గానీ అవి చాలలేదు. మా సందు కుర్రాడొకడు ఆటోనగర్‌లో టైర్ల పని చేస్తాడు. తెల్లారేసరికి నాలుగు లారీ ట్యూబుల్లో గాలి నింపి, వాటి మీద తలుపు చెక్క తాళ్లతో బిగించి తెచ్చాడు. వాడూ వాడి స్నేహితులూ ఛాతీ లోతు నీళ్లలో దాన్ని తోసుకుంటూ వెళ్లారు. వయసు చూసి నన్ను వద్దన్నారు, అయినా నీళ్లు మోకాలి లోతున్న మొదటి సందు దాకా వెళ్లాను. ఒక మేడ మీద నుంచి ఒకావిడ బకెట్‌ను తాడుతో కిందికి దించింది. మేం నాలుగు పాల ప్యాకెట్లు, ఆరు పొట్లాలు అందులో పెట్టాం. బకెట్ పైకి వెళ్లి మళ్లీ కిందికొచ్చింది. అందులో రెండు పాల ప్యాకెట్లు వెనక్కి వచ్చాయి. "మాకు రెండు చాలు బాబూ, ఆ ఎదురింట్లో పసిపిల్ల ఉంది, వాళ్లకు తాడు లేదు, కాస్త లోపలికెళ్లి ఇవ్వండి" అందావిడ. రెండు రోజులుగా కరెంటు లేక, తాగే నీళ్లు లేక ఉన్న మనిషి అన్న మాట అది.

వరద రోజుల్లో లోపాలు జరగలేదని నేను అనను. సాయం కొన్ని సందులకు ఆలస్యంగా చేరింది, కొందరు పడవకు డబ్బులు అడిగారు, పాల ధర పెంచి అమ్మినవాళ్లూ ఉన్నారు. బుడమేరు ఇంతకుముందూ పొంగింది, 2005లోనూ ముంచింది, అయినా దాని దారి ఆక్రమణలతో ఇరుకవుతూనే వచ్చింది. బందరు, ఏలూరు, రైవస్ కాలువలు మూడూ డెల్టాకు అన్నం పెట్టే నీటిని ఊరి నడిబొడ్డులోంచి తీసుకెళ్తుంటే, వాటిలో చెత్తా మురుగూ కలుపుతున్నది మేమే. దోమల బాధ ఉంది, ట్రాఫిక్ బాధ ఉంది. ఇవన్నీ రాయండి, గట్టిగా రాయండి. వీటి మీద రాసిన ప్రతి వార్తా మాకు మేలు చేస్తుంది. బెజవాడ అంటే రౌడీలు అన్న ఒక్క మాటతో ఈ అసలు సమస్యలన్నీ మరుగున పడిపోతున్నాయి.

ఆ మాట వల్ల జరిగే నష్టం నాకు స్వయంగా తెలుసు. మా అమ్మాయి ఇక్కడే చదివి బ్యాంకు ఉద్యోగం తెచ్చుకుంది. ఒక సంబంధం దాదాపు కుదిరింది, జాతకాలు కలిశాయి, కట్నం మాట వద్దని వాళ్లే అన్నారు. చివరికి మధ్యవర్తి వచ్చి చాలా ఇబ్బందిపడుతూ, "పిల్ల మంచిదేనట బాబాయిగారూ, కానీ బెజవాడ పెంపకం కదా అని అబ్బాయి పెద్దమ్మ అనుమానపడుతోంది" అన్నాడు. మా అమ్మాయి పక్క గదిలోంచి విన్నది. ఏమీ అనకుండా ఆఫీసుకు వెళ్లిపోయింది. ఆమెకు తర్వాత మంచి సంబంధమే కుదిరింది, ఆ బాధ ఇప్పుడు లేదు. కానీ ఆ రోజు ఆమె మొహం నాకు గుర్తుంది. ఇక్కడి నుంచి హైదరాబాదు, బెంగళూరు వెళ్లే కుర్రాళ్లను అద్దె గది అడిగినప్పుడు ఊరి పేరు విని రెండోసారి తేరిపార చూస్తారని వాళ్లే చెబుతారు. 1988లో పుట్టిన పిల్లలకు ఇప్పుడు బడికెళ్లే పిల్లలున్నారు. ఆ బడిపిల్లలు పుట్టకముందెప్పుడో జరిగిన గొడవల లెక్క వాళ్ల దగ్గర వసూలు చేస్తున్నాం.

అందుచేత మీకు నాదొక విన్నపం. నేరం ఈ ఊళ్లో జరిగితే ఈ ఊరి పేరు, పేట పేరు, స్టేషన్ పేరు నిస్సంకోచంగా రాయండి. వేరేచోట జరిగినప్పుడు మాత్రం మా ఊరి పేరును ఉపమానంగా వాడకండి. ఈ మేరకు మీ ఉపసంపాదకులకు ఒక్క సూచన ఇచ్చినా చాలు. వీలైతే రాబోయే వేసవిలో మీ విలేఖరినెవరినైనా మధ్యాహ్నం రెండు గంటలకు మా స్టేషనుకు పంపండి. నాకు ఇప్పుడు డ్యూటీ లేదు కానీ గరాటా పట్టుకునే వాళ్లలో నేనూ ఒకణ్ణి. ప్లాట్‌ఫారం మీద ఏ నీళ్ల కుళాయి దగ్గర అడిగినా మేం ఎక్కడున్నామో చెబుతారు.

ఇట్లు,
మీ పాఠకుడు, విశ్రాంత రైల్వే ఉద్యోగి,
సత్యనారాయణపురం, విజయవాడ